డాక్టరు కంటే ముందు అమ్మను అడగాలి

బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే మన ఇళ్లలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. పిల్లలు ఫోన్లో వెతుకుతారు. పెద్దవాళ్లు "అమ్మకు చెప్పొద్దు" అని తీర్మానిస్తారు. వారం తిరగకముందే క్యాన్సర్ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు. పెద్దకొడుకు చేతిలో ఫైలు, కూతురి ఫోన్లో పాతిక ప్రశ్నలు, డాలస్‌లో ఉన్న చిన్నవాడు వాట్సాప్ వీడియోలో. అమ్మ మాత్రం బయట బెంచీ మీద.

డాక్టరును ఏమడగాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. నిజానికి దీని మీద ముప్పై ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. మన సుప్రీంకోర్టు తీర్పు ఉంది. డబ్బు, నొప్పి, వయసు అన్నీ ఇందులోనే ముడిపడి ఉన్నాయి. వీటన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే. ప్రశ్నల జాబితా ఎంత పొడవున్నా, జబ్బు పడ్డ మనిషి ప్రశ్న అందులో మొదట లేకపోతే అది సగం పనే చేస్తుంది.

ముందుగా రాసుకుని వెళ్లడం ఎందుకు? టైము లేదు కాబట్టి. 2017లో బ్రిటిష్ వైద్య పత్రిక ఒకటి 67 దేశాల లెక్కలు తీసింది. మామూలు జబ్బులకు చూసే డాక్టరు ఒక్కో రోగికి ఇచ్చే సమయం స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలైతే, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశం రెండు నిమిషాల దగ్గర ఉంది. క్యాన్సర్ డాక్టరు అంతకంటే ఎక్కువ సమయమే ఇస్తారు. కానీ హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట ఉదయం ఓపీ ముందు నిలబడ్డవాళ్లకు ఆ "ఎక్కువ" ఎంతో తెలుసు. పైగా విన్నది నిలవదు. వైద్యులు చెప్పిన దానిలో 40 నుంచి 80 శాతం దాకా రోగులు అప్పటికప్పుడే మర్చిపోతారని, గుర్తున్న దానిలోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని 2003లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక మిగతాది వినిపించకపోవడం ఎవరికైనా సహజమే.

ఈ కష్టానికి మందుగా "ప్రశ్నల పత్రం" అన్న ఆలోచన ఆస్ట్రేలియాలో బలపడింది. రోగులు సాధారణంగా అడిగే ప్రశ్నలన్నీ అచ్చువేసి, డాక్టరును కలవకముందే చేతికిస్తారు. తనకు కావలసినవాటికి రోగి గుర్తు పెట్టుకుంటాడు. సిడ్నీలో ఫిల్లిస్ బ్యూటో బృందం 1994లో చేసిన తొలి అధ్యయనంలో ఒక చిత్రమైన సంగతి బయటపడింది. కాగితం ఇచ్చినంత మాత్రాన మొత్తం ప్రశ్నల సంఖ్య పెరగలేదు. పెరిగింది ఒకే రకం ప్రశ్న: "ఈ జబ్బు ఎటు పోతుంది, నా ముందున్నదేమిటి" అన్నది. అంటే అందరి మనసులోనూ ఉండి ఎవరూ నోరు విప్పని ప్రశ్నకు ఆ కాగితం అనుమతి ఇచ్చిందన్నమాట.

2001లో అక్కడివాళ్లే మరో మెట్టు ఎక్కారు. కాగితం రోగి చేతిలో ఉండడం ఒక ఎత్తు, డాక్టరే "ఏదీ, మీ ప్రశ్నలు చూపించండి" అని అడిగి ఒక్కొక్కటిగా జవాబు చెప్పడం ఇంకో ఎత్తు. ఈ రెండో పద్ధతిలో రోగుల ఆందోళన తగ్గింది, విన్నది ఎక్కువ గుర్తుంది, పైగా సంభాషణ తొందరగా ముగిసింది. జబ్బు బాగా ముదిరిన 174 మందితో 2007లో చేసిన పరీక్షలో మాత్రం పత్రం అందుకున్నవాళ్లు రెండింతలకు పైగా ప్రశ్నలు అడిగారు, సంభాషణ సుమారు ఏడు నిమిషాలు పెరిగింది. అవి చావుబతుకుల ప్రశ్నలు. వాటికి ఏడు నిమిషాలు ఎక్కువేమీ కాదు.

మన ఓపీలకు దీన్ని అన్వయిస్తే, ఫోన్లో దాచుకున్న ప్రశ్నల కంటే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసినవి మేలు. లోపలికి వెళ్లగానే, "సార్, మాకు ముఖ్యంగా మూడు సందేహాలున్నాయి, ఇవి ముందు చూడండి" అని బల్ల మీద పెట్టాలి. చివర్లో తలుపు దగ్గర నిలబడి అడిగే ప్రశ్నకు తలుపు దగ్గరి జవాబే వస్తుంది. మూడు చాలా అంటే, చాలు. 2011లో ఆస్ట్రేలియాలోనే జరిగిన మరో ప్రయోగంలో మూడే ప్రశ్నలు అడిగించారు. నా ముందున్న దారులేమిటి, ఒక్కోదానిలో మేలూ కీడూ ఏమిటి, అవి నా విషయంలో జరిగే అవకాశమెంత. వీటితోనే డాక్టర్లు ఇచ్చే సమాచారం మెరుగుపడింది. మిగిలిన పాతికలో సగానికి నర్సు, ఫార్మసిస్టు, ప్రభుత్వ పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర జవాబు చెప్పగలరు. డాక్టరు తప్ప మరెవరూ చెప్పలేనివే డాక్టరుకు మిగల్చాలి.

ఇంగ్లీషులో దొరికే జాబితాలు మనకు అలాగే సరిపోవు. వాటిలో రోగి ఒంటరిగా గదిలోకి వెళ్తాడు, తన రిపోర్టు తానే చదువుతాడు, తానే సంతకం పెడతాడు. మన దగ్గర అమ్మకు జబ్బొస్తే నలుగురు వెళ్తారు, సంతకం కొడుకు పెడతాడు, డాక్టరు కూడా కొడుకు మొహం చూస్తూ ఇంగ్లీషులో మాట్లాడతారు. ఇందులో ప్రేమ లేదనను. భయపడి ముడుచుకుపోతుందేమో, తిండి మానేస్తుందేమో అన్న దిగులుతోనే దాస్తారు. కానీ రోగులకు ఏం కావాలో రోగులనే అడిగినప్పుడు మరో సంగతి తెలుస్తుంది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్లనూ వాళ్ల వెంట వచ్చినవాళ్లనూ వేర్వేరుగా అడిగి 2019లో ఫలితాలు ప్రచురించారు. రోగుల్లో ఎక్కువమంది జబ్బు పేరు, దాని పోకడ తమకు తెలియాలన్నారు. వెంట వచ్చినవాళ్లలో ఎక్కువమంది చెప్పొద్దన్నారు.

చట్టం రోగి వైపే ఉంది. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తెలుగు కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. పరీక్ష కోసం మత్తులో ఉన్న ఒక మహిళకు, బయట కూర్చున్న ఆమె తల్లి ఒప్పుకుందని, గర్భాశయం, అండాశయాలు తీసేశారు. స్వయంగా నిర్ణయించుకోగల పెద్ద మనిషి విషయంలో తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు ఆమె మత్తు నుంచి లేచేదాకా ఆగవలసిందని కోర్టు చెప్పింది. కూతురి తరఫున తల్లి మాటే చెల్లనప్పుడు, తల్లి తరఫున కొడుకు సంతకం ఎలా చెల్లుతుంది?

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. తెలుసుకునే హక్కు ఉన్నట్టే తెలుసుకోనక్కర్లేదని చెప్పే హక్కూ ఉంది. "నాకేం చెప్పొద్దు నాయనా, నువ్వే చూసుకో" అనే నాన్నలు ఉంటారు. అది ఆయన చెప్పాల్సిన మాట, మనం ఊహించుకోవాల్సినది కాదు. అందుకే అపాయింట్‌మెంటుకు ముందు రోజు రాత్రి అమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా అడగాలి: "రేపు డాక్టరు గారు రిపోర్టు గురించి చెప్తారు. నువ్వూ వింటావా, మేం విని చెప్పమంటావా? నీకు ఎక్కువ భయం దేని గురించి? ఆయన్ని నువ్వు అడగాలనుకునేదేమైనా ఉందా?" వచ్చే జవాబులు ఆశ్చర్యపరుస్తాయి. చావు గురించి అడుగుతుందని మనం వణుకుతుంటాం. ఆమె జుట్టు ఊడుతుందా అని, వంట చేసుకోవచ్చా అని, మీ నాన్నకు ఎవరు అన్నం పెడతారని అడుగుతుంది. మనవరాలి పెళ్లికి కూర్చోగలనా అంటుంది. కీమో తేదీలు ముహూర్తం చుట్టూ సర్దవచ్చో లేదో చెప్పగలిగేది డాక్టరే. ఎవరూ అడగకపోతే ఆయనకు ఆ పెళ్లి సంగతే తెలియదు.

డాక్టరుకు తెలియాల్సినవి కొన్ని అమ్మ దగ్గరే ఉంటాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాన చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఉన్న స్త్రీలలో అంగిలి క్యాన్సర్ ఎక్కువని దశాబ్దాల క్రితమే వైద్యులు గుర్తించారు. కొడుకు ముందు ఆ అలవాటు ఒప్పుకోని తల్లులుంటారు. పక్కింటావిడ తెచ్చిచ్చిన ఆకు పసరు, ఊళ్లో ఎవరో ఇచ్చిన పొడి తాగుతున్న సంగతీ బయటికి రాదు. కీమోతో కలిసినప్పుడు ఇలాంటివి కాలేయానికి ప్రమాదం తేవచ్చు. అమ్మ డాక్టరుతో ఒంటరిగా మాట్లాడేందుకు ఐదు నిమిషాలు వదిలేయడం కూడా మన బాధ్యతల్లో ఒకటి.

ఇక గదిలో అడగాల్సిన అసలు ప్రశ్నకు వస్తాను. వెయ్యి కుటుంబాలు వెయ్యి రకాలుగా తప్పించుకునే ప్రశ్న ఇదే: "ఈ వైద్యం దేనికోసం సార్? జబ్బు పూర్తిగా పోవడానికా, పెరగకుండా ఆపడానికా, బాధ తగ్గించడానికా?" 2012లో ఒక అమెరికన్ అధ్యయనం ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవాళ్లను అడిగింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లలో 69 శాతం మందికి, పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవాళ్లలో 81 శాతం మందికి, ఆ కీమో తమ జబ్బును నయం చేసే అవకాశం దాదాపు లేదన్న సంగతి తెలియదు. చదువుకున్న సమాజంలో, ఎక్కువ సమయమిచ్చే డాక్టర్ల దగ్గర పరిస్థితి ఇది.

ఈ జవాబు మీదే మిగతా నిర్ణయాలన్నీ ఆధారపడతాయి. నయమయ్యే జబ్బయితే, ఆరు నెలల కష్టానికి పొలం అమ్మినా అర్థముంది. అదుపు కోసమే అయితే, నాలుగు నెలలు ఎక్కువ బతకడానికి అందులో మూడు నెలలు ఆసుపత్రిలో గడపాలా అన్నది అమ్మ తేల్చుకోవాల్సిన విషయం. "మందు పనిచేస్తుందా?" అని అడిగితే డాక్టరు "చేస్తుంది" అంటారు, అది నిజమే. గడ్డ చిన్నదవడాన్ని కూడా వైద్యంలో పనిచేయడమే అంటారు. కాబట్టి గడ్డ తగ్గితే ఆమె ఎక్కువ కాలం బతుకుతుందా, బతికినన్నాళ్లు హాయిగా ఉంటుందా అని విడివిడిగా అడగాలి. అసలు ఏ వైద్యమూ చేయకపోతే ఏమవుతుందన్నదీ అడగాలి. ఈ ప్రశ్నకు డాక్టర్లు నొచ్చుకోరు. మంచి డాక్టరైతే ఊపిరి పీల్చుకుంటారు.

"ఎన్నాళ్లు?" అన్నదానికి ఒక్క సంఖ్యతో జవాబు ఆశించకూడదు. జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో పొట్టలో మెసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడింది. పుస్తకాలు చూస్తే బతికే కాలపు మధ్యగతం (మీడియన్) ఎనిమిది నెలలని ఉంది. ఆయన దాన్ని గణిత దృష్టితో చదివాడు. ఎనిమిది నెలలంటే సగంమంది అంతకంటే ఎక్కువ బతుకుతారని, వాళ్లలో కొందరు ఏళ్లతరబడి ఉంటారని గుర్తించాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికి, 2002లో మరో క్యాన్సర్‌తో పోయాడు. అందుకే "మామూలుగా ఎంత, బాగా కలిసొస్తే ఎంత, కలిసిరాకపోతే ఎంత" అని మూడుగా అడగడం మంచిదని వైద్యులే చెబుతున్నారు. ఇలా అడిగితే ఆశా మిగులుతుంది, వీలునామా రాయడానికి, దూరాన ఉన్న కొడుకు సెలవు పెట్టుకుని రావడానికి సమయమూ తెలుస్తుంది.

జబ్బు ఏ రకం, ఏ దశ, ఎక్కడిదాకా పాకింది అన్నవి ఎలాగూ అడుగుతారు కనుక వాటి మీద ఎక్కువ రాయను. ఒక్క మాట చాలు. రొమ్ము క్యాన్సర్ అయితే ఈఆర్, పీఆర్, హర్-2 పరీక్షలు, ఊపిరితిత్తులదైతే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యు పరీక్షలు చేశారా, వాటి ఫలితం వచ్చాకే మందు మొదలుపెడుతున్నారా అన్నది తప్పక అడగాలి. మందు ఎంపిక వాటిమీదే ఉంటుంది. కేసును సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి ట్యూమర్ బోర్డులో చర్చించారా అని అడగడం కూడా మన హక్కే.

రెండో అభిప్రాయం అడగడానికి మనవాళ్లు అనవసరంగా సిగ్గుపడతారు. "సార్, మీ మీద నమ్మకం లేక కాదు, ఇంకొకరికి కూడా ఒకసారి చూపిస్తాం" అంటే సరిపోతుంది. రిపోర్టు కాగితం ఒక్కటే కాక బయాప్సీ స్లైడ్లు, మైనం బ్లాకులు కూడా తీసుకెళ్లాలి. స్లైడు మళ్లీ చూడకుండా రెండో అభిప్రాయం చెప్పడం కష్టం. అడిగిన 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఏ క్యాన్సర్‌కు ఏ వైద్యం అన్న మార్గదర్శకాలను అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఆ గ్రిడ్‌లో ఉన్న ఆసుపత్రేనా అని అడగవచ్చు.

తల్లిదండ్రుల విషయంలో ప్రత్యేకంగా పట్టించుకోవలసింది వయసు. డెబ్బై దాటినవాళ్ల మీద అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2021లో లాన్సెట్‌లో వచ్చాయి. నడక, జ్ఞాపకశక్తి, తిండి, వాడుతున్న ఇతర మందులు, ఇంట్లో చూసుకునేవాళ్లు ఉన్నారా లేరా అన్నవి ముందే లెక్కగట్టి డాక్టరుకు చెబితే, తీవ్రమైన దుష్ప్రభావాలు 71 శాతం నుంచి 51 శాతానికి తగ్గాయి. ఆయుష్షు తగ్గలేదు. కాబట్టి అమ్మ రోజంతా ఎలా గడుపుతుందో మనమే రాసి తీసుకెళ్లాలి. తానే స్నానం చేస్తుందా, రోజులో సగం మంచం మీదే ఉంటుందా, ఈ ఏడాదిలో ఎన్నిసార్లు పడిపోయింది, ఎన్ని కిలోలు తగ్గింది. ఓపీ గదిలో ముస్తాబై కూర్చున్న మనిషిని చూసి డాక్టరుకు ఇవి తెలియవు. షుగరు ఉంటే, కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ వల్ల అది పెరిగినప్పుడు ఎవరికి చెప్పాలి? గుండెకు రక్తం పలచన చేసే మాత్రలు వేసుకుంటుంటే ఆపరేషన్‌కు ముందు ఎప్పుడు ఆపాలి? హెపటైటిస్-బి పరీక్ష చేశారా? కొన్ని కీమో మందులు దాన్ని మళ్లీ రేపుతాయి.

ఇంటికి వెళ్లేముందు ఒక ప్రశ్నను మాత్రం ఎంత తొందరలో ఉన్నా వదలకూడదు: "రాత్రి రెండింటికి జ్వరమొస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?" కీమో తీసుకుంటున్నవాళ్లలో తెల్లకణాలు పడిపోయినప్పుడు 100.4 డిగ్రీల జ్వరం కూడా అత్యవసర పరిస్థితే. పారాసిటమాల్ వేసి తెల్లారాక చూద్దామనుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. ఊరు దూరమైతే దగ్గరలోని ఏ ఆసుపత్రికి పరుగెత్తాలి, అక్కడివాళ్లకు చూపించడానికి ఒక చీటీ రాసిస్తారా అన్నవీ అడిగి తీసుకోవాలి. కర్నూలు, ఆదిలాబాద్ పల్లెల నుంచి హైదరాబాద్ వచ్చిపోయేవాళ్లకు ఈ చీటీ ఏ స్కానింగ్ కంటే తక్కువ కాదు.

డబ్బు గురించి డాక్టరును అడగడం మర్యాద కాదనుకుంటాం. ఇది సరికాదు. డబ్బు సంగతి ఆయనకు ముందే తెలిస్తే మందు ఎంపిక మారవచ్చు. "ఇదే పని చేసే జనరిక్ ఉందా సార్?" అన్న ప్రశ్న ఎంత విలువైనదో హైదరాబాద్ కంపెనీయే చూపించింది. 2012 మార్చిలో నాట్కో సంస్థ, కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ తయారీకి మన దేశంలో తొలి తప్పనిసరి లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసే అనుమతి) పొందింది. నెలకు 2.8 లక్షలున్న మందు 8,800 రూపాయలకు దిగింది. 2019లో కేంద్రం 42 క్యాన్సర్ మందుల వ్యాపార లాభాన్ని 30 శాతానికి పరిమితం చేసింది.

ఖర్చు భరించే ప్రభుత్వ పథకాల సంగతీ తెలుసుకోవాలి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. తెలంగాణ 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షలకు పెంచింది. డెబ్బై దాటినవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఐదు లక్షల ఆయుష్మాన్ రక్షణను కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. మొత్తం వైద్యం పథకం కింద వస్తుందా, పెట్ స్కాన్, జన్యు పరీక్షలు చేతి నుంచి పెట్టుకోవాలా, మధ్యలో పరిమితి దాటితే ఏం చేయాలి అన్నవి మొదటి రోజే ఆరోగ్యమిత్రను అడగాలి. రైల్లో వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ ఉండదు, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం రాయితీ. ఆసుపత్రి ధ్రువపత్రం ఇస్తేనే అది వర్తిస్తుంది. అడగనిదే ఎవరూ రాసివ్వరు.

అన్నిటికంటే ఆలస్యంగా వచ్చే ప్రశ్న నొప్పి గురించి. చాలా ఇళ్లలో అది అసలు రాదు. 2010లో బోస్టన్‌లో జెన్నిఫర్ టెమెల్ బృందం చేసిన అధ్యయనం ఈ రంగాన్ని మార్చింది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మామూలు వైద్యంతో పాటు మొదటి నుంచే ఉపశమన వైద్యం అందుకున్నవాళ్లు తక్కువ దిగులుతో ఉన్నారు, చివర్లో కఠినమైన చికిత్సలు తక్కువ తీసుకున్నారు, అయినా ఎక్కువ కాలం బతికారు: 8.9 నెలలకు బదులు 11.6 నెలలు. మన దగ్గర మార్ఫిన్ అంటే మత్తుమందని, చివరి మందని భయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దాన్ని ఏళ్లతరబడి అందకుండా చేసింది, 2014 సవరణ ఆ దారిని కొంత సులభం చేసింది. హైదరాబాద్ ఎంఎన్‌జేలో నొప్పి, ఉపశమన వైద్య విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తోంది. "ఇక చేసేదేమీ లేదు" అన్నప్పుడు కాక, మొదటి నెలలోనే "నొప్పి డాక్టరు గారిని ఎప్పుడు కలవాలి?" అని అడిగిన కుటుంబం అమ్మను చాలా బాధ నుంచి తప్పిస్తుంది.

అన్నదమ్ముల మధ్య మాట పడని సందర్భాలూ ఉంటాయి. దూరాన ఉన్న బిడ్డ చివర్లో దిగి, అప్పటిదాకా అందరూ అనుకున్నదాన్ని తలకిందులు చేయడాన్ని 1991లోనే ఒక అమెరికన్ వృద్ధవైద్య పత్రిక "కాలిఫోర్నియా నుంచి వచ్చిన కూతురు" అన్న పేరుతో చర్చించింది. ఆ కూతురి బాధలో అపరాధ భావం ఉంటుంది, ఆమెను తప్పుపట్టడం న్యాయం కాదు. ప్రశ్నల కాగితం తయారయ్యేటప్పుడే ఆమె ప్రశ్న కూడా అందులో చేరాలి. డాక్టరుతో మాట్లాడేది మాత్రం ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరెవరో అమ్మే చెప్పాలి.

రెండు రాష్ట్రాల్లోని క్యాన్సర్ ఆసుపత్రులకు, పథకాలు నడిపే ప్రభుత్వాలకు ఒక విన్నపం. కొత్త ఓపీ ఫైలుతో పాటు ఒక తెలుగు ప్రశ్నల పత్రం ఇవ్వండి. రెండు పేజీలు చాలు, పెద్ద అక్షరాలతో, చదవలేనివాళ్లకు ఆరోగ్యమిత్ర చదివి వినిపించేలా. వైద్యం లక్ష్యం ఏమిటన్న ప్రశ్న మొదటి వరుసలో ఉండాలి, రాత్రి ఫోన్ నంబరు రాసే ఖాళీ చివర్లో ఉండాలి. డాక్టర్లు కూర్చోగానే "మీ కాగితం ఏదీ?" అని రోగిని అడగాలి, పక్కన నిలబడ్డ కొడుకును కాదు. ఆ పత్రం వచ్చేదాకా ప్రతి ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టుకుని, మొదటి పేజీ అమ్మ చేతే రాయించండి. ఆమె రాయలేకపోతే ఆమె చెప్పిన మాటలే, ఉన్నవున్నట్టు రాయండి.